రూపాయి బిళ్ల... మూడు లైఫులు!

హైదరాబాద్‌లో చార్మినార్ గురించి చెప్పడానికి పుస్తకాలున్నాయి. గోల్కొండ చూపించడానికి గైడ్లున్నారు. కానీ 1990ల్లో ఈ నగరంలో పెరిగిన పిల్లల దగ్గర ఇంకో పటం ఉండేది. అది ఏ పుస్తకంలోనూ అచ్చు కాలేదు. ఏ గోడమీదా వేలాడలేదు. అందులో గుర్తులు కోటలూ మసీదులూ కావు... వీడియోగేమ్ కొట్లు! సినిమాహాలు పక్క సందులో ఒకటి, ట్యూషన్ మాస్టారి ఇంటి మలుపులో ఒకటి, బస్టాపు వెనక మేడమెట్ల కింద మరొకటి. గుప్పిట్లో రూపాయి బిళ్ల పట్టుకుని ఆ గుర్తుల వెంట తిరిగిన పిల్లలంతా ఇప్పుడు నడివయసుకు వచ్చేశారు. వాళ్ల పిల్లల చేతుల్లో ఫోనుంది. అందులో వేల ఆటలున్నాయి. లేనిదల్లా... ఆటకోసం నడిచి వెళ్లే వీధి!

బోర్డు లేని కొట్టు

కిరాణా కొట్టుకు పేరుంటుంది. ఇస్త్రీ బండికీ ఏదో ఒక గుర్తుంటుంది. వీడియోగేమ్ కొట్టుకు అదీ ఉండేది కాదు. షట్టరు సగం దించి ఉంటుంది. లేదంటే గుమ్మానికి ఓ పాత పరదా. ఎండలోంచి లోపలికి అడుగుపెడితే కాసేపు ఏమీ కనిపించదు. ముందు చెవులకు తెలుస్తుంది... టిక్ టిక్‌మని బటన్లు, ధన్ ధన్‌మని దెబ్బలు, మధ్యలో 'అరే, కొట్టురా... వెనకున్నాడ్రా' అంటూ అరుపులు. కళ్లు అలవాటుపడ్డాక గోడ వెంబడి నిలబెట్టిన చెక్క పెట్టెలు కనిపిస్తాయి. ఒక్కో పెట్టె ముందు ఇద్దరు ఆడుతుంటే వాళ్ల వెనక పదిమంది చూస్తుంటారు.

సినిమాహాళ్లు బారులు తీరిన ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, రైలు దిగిన జనంతో కిటకిటలాడే సికింద్రాబాద్ స్టేషన్ పరిసరాలు, పుస్తకాల కోసం పిల్లలు వచ్చే కోఠి, ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచే అబిడ్స్... జనం ఆగే చోటల్లా ఇలాంటి కొట్టు ఒకటి పుట్టుకొచ్చేది. మ్యాట్నీ టికెట్ దొరకలేదా, పక్క సందుంది. ఫస్ట్ షోకి ఇంకా గంట టైముందా, అదే సందు. నగరానికే పరిమితమైన ముచ్చట కూడా కాదిది. విజయవాడ, వరంగల్, రాజమండ్రి... ఏ ఊళ్లో పెరిగినవాళ్లని కదిపినా ఇదే కథ. వీధుల పేర్లు మారతాయి, అంతే.

ఏడాదికోసారి వచ్చే పెద్ద పండగ వేరే ఉండేది. నాంపల్లి ఎగ్జిబిషన్... 1938లో మొదలైన నుమాయిష్. దానికి అమ్మానాన్నల చెయ్యి పట్టుకుని వెళ్లాలి. జెయింట్‌వీల్ ఎక్కాలా వద్దా అన్నది పెద్దవాళ్ల ఇష్టం. సందులోని కొట్టు అలా కాదు. అక్కడికి పిల్లలు తమంతట తాము వెళ్లేవారు. ఏ ఆట ఆడాలో, రూపాయి ఎప్పుడు ఖర్చుపెట్టాలో వాళ్లే తేల్చుకునేవారు. చాలామందికి సొంతంగా తీసుకున్న మొదటి నిర్ణయం అదే!

చెక్క పెట్టెలో జపాన్

పిల్లలకు ఆ పెట్టె ఓ మాయాపేటిక. కొట్టు యజమానికి మాత్రం అది ఓ టీవీ, ఓ సర్క్యూట్ బోర్డు, నాలుగు తీగలు. జపాన్‌లోని ఆటల యంత్రాల తయారీదారుల సంఘం 1985లో ఓ పద్ధతి ఖాయం చేసింది. ఏ కంపెనీ ఆట అయినా సరే, బోర్డును పెట్టెలోని తీగలకు కలిపే చోట ఒకేరకం 56 పిన్నుల అమరిక ఉండాలన్నది ఆ పద్ధతి. ఆ సంఘం పేరులోని పొడి అక్షరాలతో దానికి 'జామా' అన్న పేరొచ్చింది. దాంతో ఆట పాతబడితే పెట్టెను పారేయక్కర్లేదు. బోర్డు ఊడదీసి కొత్తది బిగిస్తే సరి. నిన్న విమానాలు ఎగిరిన తెరమీద ఇవాళ కుస్తీవీరులు ప్రత్యక్షమయ్యే రహస్యం అదే. పెట్టె మీద అతికించిన బొమ్మ ఒక ఆటది, లోపల ఆడేది ఇంకో ఆట కావడానికీ కారణం అదే.

ఈ పెట్టెల వంశవృక్షం అమెరికాలో మొదలవుతుంది. 1972లో అటారీ సంస్థ 'పాంగ్' అనే ఆట తయారుచేసి, కాలిఫోర్నియాలోని సన్నీవేల్ అనే ఊళ్లో ఓ బార్‌లో పెట్టింది. తెరమీద ఓ చుక్క, అటూ ఇటూ రెండు గీతలు. అంతే ఆట. కొద్దిరోజులకే మెషిన్ పనిచేయడం లేదని కబురొచ్చింది. ఇంజినీరు వెళ్లి తెరిచి చూస్తే, చెడిపోయిందేమీ లేదు... డబ్బా నిండా నాణేలు నిండిపోయి కొత్త నాణేనికి చోటు లేదు!

1978లో జపాన్‌కు చెందిన తొమోహిరో నిషికాడో 'స్పేస్ ఇన్వేడర్స్' తయారుచేశాడు. అందులో శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్ల వేగం పెరుగుతుంది. ఆడేవాడి గుండె వేగం కూడా. అది మొదట కావాలని పెట్టిన కిటుకు కాదు. తెరమీద బొమ్మలు తగ్గేసరికి అప్పటి ప్రాసెసర్‌కు పని తగ్గి, మిగిలినవాటిని తొందరగా కదిలించేది. బావుందని నిషికాడో దాన్ని అలాగే ఉంచేశాడు. అక్కణ్నుంచి ఆటలన్నీ ఆ బాటే పట్టాయి. సులువుగా మొదలవ్వాలి, ఊపిరి సలపకుండా ముగియాలి. రూపాయి తొందరగా అయిపోవాలి, ఇంకో రూపాయి వెయ్యాలనిపించాలి. వ్యాపార రహస్యమంతా ఇదే!

ముస్తఫా మనోడే!

'ఏ ఆట బాగా ఆడేవారు?' అని ఆ తరంవాళ్లని అడిగి చూడండి. నూటికి తొంభైమంది ఒకటే పేరు చెబుతారు... ముస్తఫా! నిజానికి ఆ పేరుతో ఆటే లేదు. దాని అసలు పేరు 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్'. జపాన్‌కు చెందిన క్యాప్‌కామ్ 1993లో విడుదల చేసింది. మార్క్ షుల్ట్జ్ అనే అమెరికన్ బొమ్మల రచయిత గీసిన 'జెనోజోయిక్ టేల్స్' కామిక్స్ దానికి ఆధారం. అందులో నలుగురు కథానాయకులు. జాక్, హన్నా, మెస్, ముస్తఫా కైరో. కథకు అసలు హీరో జాక్. కానీ మన సందుల్లో జాక్‌ను పట్టించుకున్నవారు తక్కువ. పసుపు టోపీ పెట్టుకుని, మిగతావాళ్లకంటే వేగంగా పరుగెత్తి, గాల్లోకి లేచి తన్నే ముస్తఫానే అందరికీ కావాలి. ముగ్గురు కలిసి ఆడే ఆటలో 'నేను ముస్తఫా' అని ముందుగా అరిచినవాడిదే హక్కు. మిగిలిన ఇద్దరూ మూతి ముడుచుకుని ఇంకెవరినో ఎంచుకోవాల్సిందే.

ఎందుకంత ఇష్టం? వేగం ఒక కారణం. పేరు ఇంకో కారణం కావచ్చు. తెరమీద కనిపించే రయూ, గైల్, జాంగీఫ్‌ల మధ్య మన వీధిలో వినిపించే పేరు అదొక్కటే. పాతబస్తీ పిల్లాడికీ, చిక్కడపల్లి పిల్లాడికీ నోరు తిరిగే పేరు. 1996లో 'ప్రేమదేశం' సినిమా వచ్చి, అందులో స్నేహం మీద అదే పేరుతో సాగే పాట ఊరంతా మోగేసరికి ఇక చెప్పేదేముంది! ఆట అసలు పేరును పలకాల్సిన అవసరమే లేకుండా పోయింది.

ఈ ఆట నేర్పిన పాఠం ఒకటుంది. దారిలో పీపాలు పగలగొడితే తిండి దొరుకుతుంది. తింటే శక్తి పెరుగుతుంది. పక్కవాడికి శక్తి అయిపోవస్తుంటే ఆ తిండి ఎవరు తినాలి? 'నువ్వు తీస్కోరా, నాకుంది' అనేవాడితో మళ్లీ ఆడాలనిపిస్తుంది. ఆబగా తినేసేవాడితో మర్నాడు ఎవరూ జత కలవరు. పేరూ ఊరూ తెలియని పిల్లలు ఒకే హ్యాండిల్ పక్కన నిలబడి, పది నిమిషాల్లో ఒకరి గుణం ఒకరు పట్టేసేవారు.

గెలిచినవాడిదే మెషిన్

ముస్తఫాలో అందరూ ఒక జట్టు. 'స్ట్రీట్ ఫైటర్ 2' దగ్గరికొస్తే లెక్క వేరు. 1991లో వచ్చిన ఈ ఆటలో మొత్తం ఎనిమిదిమంది యోధుల్లోంచి ఒకరిని ఎంచుకోవచ్చు. అందులో మనదేశం తరఫున ధాల్‌సిమ్ అనే యోగి ఉంటాడు. మెడలో పుర్రెల దండ వేసుకుని, చేతులూ కాళ్లూ రబ్బరులా సాగదీసి కొడతాడు, నోట్లోంచి నిప్పులు కక్కుతాడు. అతని మైదానం వెనక ఏనుగులు నిలబడి ఉంటాయి. జపాన్‌వాళ్లు ఊహించుకున్న ఇండియా అదన్నమాట! దేశభక్తితో మొదట అతన్నే ఎంచుకుని, నాలుగు దెబ్బలు తిన్నాక రయూ దగ్గరికి వెళ్లిపోయిన పిల్లలు కోకొల్లలు.

రయూ చేతుల్లోంచి నీలిరంగు అగ్నిగోళం రప్పించడం అప్పట్లో పెద్ద విద్య. హ్యాండిల్‌ను కిందికి లాగి, అక్కణ్నుంచి ముందుకు గుండ్రంగా తిప్పి, సరిగ్గా ఆ క్షణాన గుద్దు బటన్ నొక్కాలి. క్షణం అటూ ఇటైతే రయూ గాల్లో ఉత్త గుద్దు గుద్దుతాడు. అప్పుడతను అరిచే జపనీస్ మాట పిల్లల నోట్లో పడి ఒక్కో వీధిలో ఒక్కోలా మారిపోయింది. ఇదంతా నేర్పే పుస్తకం లేదు, ఇంటర్నెట్ లేదు. తెలిసినవాడి వెనక నిలబడి వాడి మణికట్టు ఎలా తిరుగుతోందో చూసి నేర్చుకోవాలి. వాడేమో చూడనివ్వకుండా మోచెయ్యి అడ్డం పెట్టేవాడు!

చట్టం రాసిపెట్టి లేకపోయినా చాలా చోట్ల రివాజు ఒకటే. ఇద్దరు పోటీ పడతారు. ఓడినవాడు పక్కకు తప్పుకోవాలి. గెలిచినవాడు అక్కడే ఉంటాడు. తర్వాత ఆడదలచినవాడు తన రూపాయిని తెర కింద అంచు మీద పెడతాడు. అదే టోకెన్, అదే వరుస. కాన్వెంట్ యూనిఫాం వేసుకున్నవాడి రూపాయి పక్కన మెకానిక్ షెడ్డులో పనిచేసే కుర్రాడి రూపాయి ఉండేది. వరుసలో ముందున్న రూపాయి ఎవరిదైతే ముందు వాడే ఆడాలి. టై కట్టుకున్నవాడిని గ్రీజు చేతులవాడు చిత్తుగా ఓడిస్తే నోరు మూసుకుని పక్కకు జరగాల్సిందే. వాళ్లిద్దరూ ఎదురెదురుగా నిలబడి పోటీపడే చోటు ఊళ్లో ఇంకొకటి ఉండేదా? బడి వేరు, బస్తీ వేరు, ఆడుకునే మైదానం కూడా వేరే. ఆ మసక గదిలో మాత్రం ఇద్దరి రూపాయీ ఒకటే.

ఇక కరెంటు! మాంచి పట్టు మీదున్నప్పుడే అది పోయేది. గదంతా ఒక్కసారి 'హో...' అని అరుపు. కరెంటు వచ్చాక ఆట మొదటికొచ్చేది. 'అన్నా, ఇప్పుడే వేశాను, ఒక్క ఆట ఇవ్వన్నా' అని బతిమాలితే దయగల యజమాని ఇచ్చేవాడు. రాని దయను ఎవరూ తేలేరు. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. ఎక్కువ స్కోరు చేసినవాళ్లు తెరమీద మూడక్షరాల పేరు రాసుకునేవారు. అప్పటి చాలా మెషిన్లలో ఆ పేర్లు కరెంటు ఉన్నంతసేపే. మీట ఆపేస్తే తుడిచిపెట్టుకుపోతాయి. మధ్యాహ్నమంతా చెమటోడ్చి సంపాదించిన మొదటి స్థానం రాత్రి షట్టరు పడేసరికి మాయం. మర్నాడు అందరూ మళ్లీ సున్నా నుంచే!

ఆ రూపాయి ఎక్కడిది?

అసలు కథ ఇక్కడుంది. పెరుగు తెమ్మని అమ్మ ఇచ్చిన డబ్బుల్లో మిగిలిన చిల్లర. ఇంటికొచ్చిన మామయ్య వెళ్తూ వెళ్తూ జేబులో పెట్టిన నోటు. స్కూల్లో ఐస్ తినకుండా దాచిన అర్ధరూపాయలు. అన్నిటికంటే గట్టి ఆదాయం బస్సు చార్జీ. ట్యూషన్‌కి బస్సులో వెళ్లమని ఇస్తే నడిచి వెళ్లడం. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఎక్కాల్సినవాడు చిక్కడపల్లి మీదుగా నారాయణగూడ వరకూ నడిచేస్తాడు. ఓపికుంటే బడీచౌడీ దాటి కోఠి దాకా. మిగిలిన చిల్లరే ఆట.

అలా నడవడంలోనే ఊరు తెలిసింది. ఏ సందులోంచి దూరితే మెయిన్‌రోడ్డు తప్పించుకోవచ్చు, ఏ మలుపులో కుక్కలుంటాయి, ఏ ఇరానీ హోటల్ ముందు బాబాయి కూర్చుంటాడు, ఎక్కడ తలొంచుకుని పరుగెత్తాలి... ఇవన్నీ కాళ్లకు వచ్చిన చదువు. ఒక కొట్టులో కొత్త ఆట వచ్చిందన్న వార్త బడిలో ఒకడి నోటి నుంచి ఇంకొకడికి పాకేది. శనివారం ఒంటిపూట బడి అవగానే నలుగురైదుగురు దాన్ని వెతుక్కుంటూ బయల్దేరేవారు. 'పాల బూత్ పక్కన పచ్చ గేటు, దాని ఎదురుగా సందు' అన్నదే చిరునామా. అడుగుతూ, తప్పిపోతూ, మళ్లీ అడుగుతూ చేరేవారు. హైదరాబాద్‌ను ఆటోలోంచి చూసినవాడికీ అలా నడిచి చూసినవాడికీ తేడా ఉంటుంది.

అయితే ఇందులో తియ్యని ముచ్చట్లే ఉన్నాయనుకుంటే పొరపాటే. రూపాయి దొరకని రోజు నాన్న చొక్కా జేబులోకి చెయ్యి వెళ్లిన ఇళ్లున్నాయి. ట్యూషన్ ఫీజు మొత్తం పెట్టెలో పోసినవాళ్లున్నారు. కొన్ని కొట్లలో పెద్ద కుర్రాళ్లు సిగరెట్లు కాల్చేవారు. చిన్నవాళ్లను బెదిరించి వాళ్ల ఆట లాక్కునేవారు. 'వీడియోగేమ్స్ దగ్గర కనిపించాడు' అన్న మాట ఇంటికి చేరితే బెల్టు బయటికొచ్చేది. పరదా పక్కకు జరిగి నాన్న మొహం కనిపించిన క్షణం ఎవరికైనా జన్మంతా గుర్తుండిపోతుంది. అప్పుడు తెరమీద లెక్క దిగుతూ ఉంటుంది... తొమ్మిది, ఎనిమిది, ఏడు... ఆట కొనసాగించాలంటే ఇంకో బిళ్ల వెయ్యమని. ఆడేవాడు మాత్రం ఇంటిదారి పట్టి ఉంటాడు, చెవి నాన్న చేతిలో!

పెద్దవాళ్ల భయంలో అన్యాయమేమీ లేదు. పిల్లాడు ఎక్కడున్నాడో తెలుసుకునే ఫోను లేని రోజులవి. చదువు పాడవుతుందని భయం, చెడు సావాసమని భయం. ఆ భయాన్నీ, ఆ ఆకర్షణనూ ఒకేసారి మోస్తూ పెరిగింది ఆ తరం.

అమ్మాయిలేరీ?

ఇంత సందడిలో ఒకరు మాత్రం కనిపించరు. ఆ గదుల్లో అమ్మాయిలు దాదాపుగా ఉండేవారే కాదు. తమ్ముడిని పిలవడానికి గుమ్మం దాకా వచ్చి, పరదా బయటే నిలబడి కేకేసే అక్కలే తప్ప లోపలికి వచ్చి హ్యాండిల్ పట్టుకున్నవాళ్లు అరుదు. స్ట్రీట్ ఫైటర్‌లోని ఎనిమిదిమందిలో ఒక్కతే అమ్మాయి, చున్‌లీ. తెరమీద ఆమె వరసగా కాలితో తన్ని ఎంతటివాడినైనా పడగొడుతుంటే గదిలో చప్పట్లు మోగేవి. ఆ చప్పట్లలో ఒక్క అమ్మాయి చెయ్యీ లేదు.

ఈ లోటు మన దగ్గరే కాదు, జపాన్‌లోనూ ఉండేది. నామ్‌కో సంస్థలో పనిచేసే తోరు ఇవటాని అది గమనించాడు. ఆటల కేంద్రాలన్నీ మగపిల్లల అడ్డాలైపోయాయి, తెరలనిండా కాల్పులే, అమ్మాయిలూ జంటలూ కూడా వచ్చేలా ఓ ఆట చేయాలనుకున్నాడు. చంపడం బదులు తినడాన్ని ఆటగా మార్చాడు. అలా 1980లో పుట్టిందే 'ప్యాక్-మ్యాన్'. నోరు తెరుచుకుని చుక్కలు తింటూ పోయే పసుపు గుండ్రం, వెంటపడే రంగురంగుల దయ్యాలు... ప్రపంచమంతా ఆడాళ్లూ మగాళ్లూ ఆడిన ఆట అది.

మన ఊళ్లలో అమ్మాయిలకు ఆ అవకాశం ఇంట్లోనే దొరికింది. టీవీకి తగిలించుకునే గేములు వచ్చాక! జపాన్‌కు చెందిన నింటెండో 1983లో విడుదల చేసిన ఫ్యామికామ్‌కు నకళ్లుగా తయారైన చవక డబ్బాలు 90ల్లో మన మార్కెట్లో దొరికేవి. మామయ్యో బాబాయో కొనిస్తే ఆ వేసవి సెలవులన్నీ పండగే. మారియో, కాంట్రా, బాతులను కాల్చే డక్ హంట్... అన్నాచెల్లెళ్లు కొట్టుకుంటూ ఆడేవారు. కొనలేనివాళ్లకు గంట లెక్కన ఆడించే ఇళ్లూ, కొట్లూ వెలిశాయి. క్యాసెట్ పనిచేయకపోతే బయటికి తీసి ఉఫ్‌మని ఊది మళ్లీ పెట్టడం ఎవరు నేర్పారో తెలియదు కానీ ఇంటింటా అదే వైద్యం.

కాంట్రాలో ముప్ఫై లైఫుల మంత్రం గుర్తుందా? పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, తర్వాత బి, ఏ. ఇది కొనామీ కంపెనీ ఉద్యోగి కజుహిసా హషిమోతో సృష్టి. 1986లో 'గ్రాడియస్' అనే ఆటను ఇంటి గేముగా మారుస్తున్నప్పుడు, అది మరీ కష్టంగా ఉండటంతో పరీక్షించి చూసుకోవడానికి తనకోసం పెట్టుకున్న అడ్డదారి. అదే మంత్రం తర్వాత కాంట్రాలోకి వచ్చింది. హషిమోతో 2020లో చనిపోయినప్పుడు ఆ ఆటలాడి పెరిగినవాళ్లు ప్రపంచమంతటా తలుచుకుంది ఈ మంత్రాన్నే.

షట్టరు పడింది

చెక్క పెట్టెలను ఎవరూ నిషేధించలేదు. ఎవరూ పగలగొట్టలేదు. మెల్లగా ఖాళీ అయ్యాయి, అంతే. 2000 తర్వాత సందుసందునా ఇంటర్నెట్ సెంటర్లు వచ్చాయి. అక్కడ గంట లెక్కన కౌంటర్ స్ట్రైక్, రోడ్ రాష్ ఆడుకోవచ్చు. కంప్యూటర్ ఉన్న ఇళ్లు పెరిగాయి. మేమ్ అనే సాఫ్ట్‌వేర్ 1997లోనే వచ్చింది. ముస్తఫాతో సహా పాత ఆటలన్నిటినీ కంప్యూటర్‌లో ఆడించేస్తుందది. పైగా బిళ్ల వెయ్యాలంటే కీబోర్డు మీద ఓ మీట నొక్కితే చాలు. ఎన్నిసార్లు చచ్చినా బతకొచ్చు. చిత్రమేమిటంటే, అలా కూర్చుని ముస్తఫాను చివరిదాకా పూర్తిచేసిన చాలామందికి ఆ గెలుపు చప్పగా అనిపించింది. వెనక నిలబడి అరిచే పదిమంది లేరు కదా మరి!

ఆ తర్వాత మాల్స్ వచ్చాయి. 2003లో హుస్సేన్‌సాగర్ పక్కన ప్రసాద్స్, 2009లో మాదాపూర్‌లో ఇనార్బిట్... ఇప్పుడైతే నగరం నలుమూలలా. పెద్ద మాల్స్‌లో ఆటల కేంద్రం ఉంటుంది. తళతళలాడే లైట్లు, ఏసీ, రేసుకార్లు, బొమ్మలు పట్టుకునే యంత్రాలు. అక్కడ అమ్మాయిలూ అబ్బాయిలూ సమానంగా ఆడుతున్నారు. ఇది మెచ్చుకోవాల్సిన మార్పే. కానీ బిళ్లకు బదులు కార్డు గీకాలి. ఆ కార్డులో డబ్బు వేసేది నాన్న. మాల్‌కి తీసుకెళ్లేదీ నాన్నే. మెకానిక్ షెడ్డు కుర్రాడి రూపాయికి అక్కడ వరుసలో చోటు లేదు.

ఇక ఫోను సంగతి చెప్పక్కర్లేదు. 2016 తర్వాత డేటా చవకైపోయి ఆట అరచేతిలోకి వచ్చేసింది. కొన్ని ఆటలు పిల్లల చేతుల్లోంచి నాన్నల బ్యాంకు ఖాతాల్లోకీ పాకాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. దాన్ని తలుచుకుంటే పాత పెట్టె ఎంత మంచిదో అనిపిస్తుంది. జేబులో ఉన్న రూపాయికంటే అది ఒక్క పైసా ఎక్కువ అడగలేదు. అయిపోయిందంటే అయిపోయింది. ఇంటికి పొమ్మని తెరమీద పెద్ద అక్షరాలతో తనే చెప్పేది... గేమ్ ఓవర్!

పేరు మిగలని చోటు

సికింద్రాబాద్‌లో సంగీత్ థియేటర్ ఇప్పుడు లేదు. కూల్చేసి చాలా కాలమైంది. అయినా ఆ చౌరస్తాను జనం సంగీత్ అనే పిలుస్తారు. ఆటోవాళ్లు ఆ పేరుతోనే ఆపుతారు. ఒక సినిమాహాలు పోయినా ఊరు దాని పేరును దాచుకుంది. మరి వీడియోగేమ్ కొట్లు? వాటికి పేరే లేదు కాబట్టి దాచుకోవడానికీ ఏమీ మిగల్లేదు. మెషిన్లను ఎవరు కొన్నారో, చెక్క ఎటు పోయిందో లెక్కల్లేవు. అవి ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ రిపేరు కొట్టో, కర్రీ పాయింటో, జిరాక్స్ సెంటరో ఉంటుంది.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో ఆటల కోసమే ఓ మ్యూజియం ఉంది. పేరు ది స్ట్రాంగ్. గొప్ప వీడియోగేములకు 2015 నుంచి అక్కడ ప్రత్యేక గౌరవం ఇస్తున్నారు. తొలి ఏడాదే పాంగ్, ప్యాక్-మ్యాన్‌లకు చోటిచ్చారు. స్ట్రీట్ ఫైటర్ 2కు 2017లో దక్కింది. ఆటను అలా భద్రపరచవచ్చు. రూపాయిల వరుసను, కరెంటు పోయినప్పటి 'హో'ను, పరదా జరిగినప్పటి భయాన్ని ఏ అద్దాల పెట్టెలో పెట్టగలరు? రాత్రి మీట ఆపగానే చెరిగిపోయే మూడక్షరాల పేర్లలాంటివవి. ఆడినవాళ్ల నోటినుంచి వింటేనే ఉంటాయి.

అందుకే చెప్పడం అవసరం. పిల్లల చేతుల్లోంచి ఫోను లాక్కుని 'మా రోజుల్లో...' అంటూ మొదలుపెడితే వాళ్లెలాగూ వినరు. దానికంటే ఓ ఆదివారం సాయంత్రం వాళ్లను వెంటబెట్టుకుని, నాన్న ట్యూషన్‌కి బస్సు చార్జీ మిగిల్చి నడిచిన దారి ఉందే, ఆ దారిన నడిపించి చూడండి. పాత సందు దగ్గర ఆగి, 'ఇదిగో, మీ తాతయ్య నన్ను చెవి పట్టుకుని లాక్కెళ్లింది ఇక్కడ్నించే' అని చూపించండి. నవ్వుతారు. ఎన్ని రూపాయలు పోగొట్టావని అడుగుతారు. ముస్తఫా ఎవరని అడుగుతారు. ఇంటికొచ్చేలోగా ఇంకో నాలుగు సందులు వాళ్ల కాళ్లకు తెలుస్తాయి.

ఆ పటంలో వాళ్లు వేసుకునే మొదటి గుర్తు అదే కావచ్చు!